కత్తితో కోసే ముద్ద, చెంచాతో తీసే క్రీమ్: ఫెర్రెరో కథ

నుటెల్లా అంటే హేజెల్‌నట్ అనే గింజలు, కోకో కలిపి బ్రెడ్ మీద రాసుకునే క్రీమ్. దాని సీసా వెనక ఉన్న చిన్న అక్షరాలు ఒకసారి చదవండి. యూరప్‌లో అమ్మే సీసా మీద మొదట చక్కెర, తర్వాత పామాయిల్, ఆ తర్వాత 13 శాతం హేజెల్‌నట్, వెన్న తీసిన పాలపొడి, అప్పుడుగానీ కోకో రాదు, అదీ 7.4 శాతమే. ఇది పిసినారితనం కాదు. దాన్ని తయారుచేసే ఫెర్రెరో కంపెనీ పుట్టిందే కోకో దొరకని రోజుల్లో. ఫెర్రెరో చరిత్రను చాక్లెట్ చరిత్ర అంటారు గానీ, నన్నడిగితే అది కొవ్వు చరిత్ర. గది వేడికి ఏ కొవ్వు పేరుకుంటుంది, ఏది జారిపోతుంది అన్నదే అందులో అసలు విషయం.

కోకోలో హేజెల్‌నట్ కలపడం ఫెర్రెరో కనిపెట్టింది కాదు. ఇటలీ వాయవ్య మూలన పీడ్‌మాంట్ ప్రాంతం, దాని రాజధాని తూరిన్. నెపోలియన్ యుద్ధాల కాలంలో అక్కడ కోకో ధర పెరిగింది. పక్కనే లాంగే కొండల్లో బాగా పండే హేజెల్‌నట్‌ను అందులో కలపసాగారని చెబుతారు. 1865లో తూరిన్‌లోని కఫరెల్ అనే చాక్లెట్ కంపెనీ ఆ మిశ్రమాన్ని చిన్న చిన్న ముక్కలుగా చేసి, రేకులో చుట్టి, కార్నివాల్ సందర్భంగా జనానికి రుచి చూపించింది. తూరిన్ కార్నివాల్‌లో కనిపించే జాండూయా అనే వేషం పేరే ఆ ముక్కలకూ వచ్చింది.

ఇక అసలు కథ. ఆ పీడ్‌మాంట్‌లోనే ఆల్బా ఊళ్లో పియెత్రో ఫెర్రెరో మిఠాయి దుకాణం నడిపేవాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది గానీ కోకో కరువు పోలేదు. 1946లో అతను జాండుయోట్ అనే ముద్ద తయారు చేశాడు. రేకులో చుట్టిన దిమ్మ అది. కత్తితో పలచగా కోసి బ్రెడ్ మీద పెట్టుకునేవారు. కంపెనీ మొదలైందీ ఆ ఏడాదే.

ఆ దిమ్మ కోయడానికి ఎందుకు వీలయ్యేది? కోకో గింజల్లోని కొవ్వు, అంటే కోకో బటర్, 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు తక్కువలో గట్టిగా ఉంటుంది. హేజెల్‌నట్ బరువులో దాదాపు 60 శాతం నూనె, అది గది వేడిలో ద్రవమే. రెండూ కలిస్తే నూనె కోకో బటర్‌ను గట్టిపడనివ్వదు. చాక్లెట్ వంతు ఎక్కువైతే దిమ్మ, నట్స్ వంతు ఎక్కువైతే బ్రెడ్ మీద రాసుకునే పూత. ఇంట్లో చేసి చూడొచ్చు. హేజెల్‌నట్స్‌ను 150 డిగ్రీల ఓవెన్‌లో 15 నిమిషాలు వేయించి, వేడి మీదే గుడ్డలో వేసి పల్లీల్లా నలిపితే పొట్టు ఊడొస్తుంది. మిక్సీలో వేస్తే ముందు పొడవుతుంది, తర్వాత ముద్ద కడుతుంది, చివరికి నూనె వదిలి జారుగా వస్తుంది. మధ్యమధ్యలో మిక్సీని ఆపుతూ ఉండాలి, లేకపోతే మోటారు వేడెక్కి ఆగిపోతుంది. 150 గ్రాముల పేస్టుకు 300 గ్రాముల కరిగించిన డార్క్ చాక్లెట్ కలిపి, 26 డిగ్రీలకు వచ్చేదాకా కలియబెట్టి అచ్చులో పోస్తే దిమ్మ. 200 గ్రాముల పేస్టుకు 100 గ్రాముల చాక్లెట్, 75 గ్రాముల చక్కెర పొడి అయితే పూత. పాలు పోయకండి, పాలపొడి వేయండి. గిన్నెలో తడి ఉన్నా చాలు, చక్కెర ఆ తడిని పట్టుకుని అంతా గరుకు ముద్దయిపోతుంది. మిక్సీతో ఎంత తిప్పినా నాలుకకు కొంచెం ఇసుకలా తగులుతుంది. నున్నగా రావాలంటే రాతి గ్రైండర్ కావాలి. మన ఇడ్లీ పిండి గ్రైండర్‌నే కాస్త మార్చి ప్రపంచంలో ఎందరో చిన్న చాక్లెట్ తయారీదారులు వాడుతున్నారు.

పియెత్రో 1949లో పోయాడు. 1951లో సూపర్‌క్రేమా వచ్చింది, కోయనక్కర్లేని పూత. పిల్లలు ముక్క తినేసి బ్రెడ్ పారేస్తున్నారని అలా మార్చారని చెప్పుకుంటారు. కొడుకు మికేలె దాన్ని సవరించి, 1964 ఏప్రిల్ 20న నుటెల్లా పేరుతో మొదటి సీసా ఆల్బా ఫ్యాక్టరీ నుంచి బయటికి పంపాడు. ‘నట్’ ఇంగ్లీషు మాట, ‘ఎల్లా’ ఇటాలియన్ తోక.

ఇక్కడే పామాయిల్ పాత్ర. ఉత్త నట్స్ పూత నాలుగు రోజులు కదపకుండా ఉంచితే పైన నూనె తేలుతుంది, అడుగున గట్టి ముద్ద మిగులుతుంది. పామాయిల్ గది వేడిలో సగం పేరుకుని ఉంటుంది. పూస కట్టిన నెయ్యి చూడండి, పూసల మధ్య జారు నెయ్యి ఎలా ఇరుక్కుని ఉంటుందో, ఇదీ అంతే. అడవుల నరికివేత గురించి పామాయిల్ మీద వచ్చే విమర్శ న్యాయమైనదే, కానీ ‘చవక కోసమే వేశారు’ అనడం సగం నిజం.

వేసవి మాత్రం ఈ కంపెనీకి ఎప్పుడూ తలనొప్పే. చెర్రీ, మద్యం నింపిన మోన్ షెరీ చాక్లెట్ 1956లోనూ, లోపల కాఫీ ఉండే పాకెట్ కాఫీ చాక్లెట్ 1968లోనూ వచ్చాయి. ఎండాకాలం రాగానే ఇటలీ దుకాణాల్లోంచి రెంటినీ తీసేస్తారు. కరిగే కొవ్వేమీ లేని టిక్ టాక్ అనే చిన్న బిళ్లలు 1969లోనూ, ఎస్తథే అనే చల్లటి టీ 1972లోనూ వచ్చాయి. వీటికి ఎండ భయం లేదు. 1982 నాటి ఫెర్రెరో రోషెర్ అనే గుండ్రటి చాక్లెట్‌లో మధ్యన నట్, చుట్టూ క్రీమ్, దాన్ని మోసే వేఫర్ డొప్ప, పైన నట్ ముక్కల చాక్లెట్. క్రీమ్ మెత్తబడినా డొప్ప ఆకారం నిలబెడుతుంది, తేమ తగిలితే మాత్రం ఆ డొప్పే ముందు మెత్తబడుతుంది.

నుటెల్లాను ఫ్రిజ్‌లో పెడితే పామాయిల్ బిగుసుకుని చెంచా దిగదు. మన మే నెలలో బయట పెడితే నూనె తేలుతుంది. తేలితే పారబోయకండి. గది కాస్త చల్లబడ్డాక పొడి చెంచాతో అడుగు నుంచి కలపండి, కలిసిపోతుంది.