హిమాలయన్‌కి లైట్లు పెట్టించి లంబసింగిలో పరువు పోగొట్టుకున్న కథ

నిన్న రాత్రి పదకొండున్నరకి, బండి వైరింగంతా నేనే మళ్లీ చేశాక, కరెంటు కొలిచే మల్టీమీటర్‌లో 0.00 కనిపించింది, అంటే ఆపి ఉంచిన బండి కరెంటు తాగడం మానేసింది. నెలన్నరగా నన్ను ఏడిపించిన బండి అది. ఆ సంతోషం, దాంతోపాటు కోపం కూడా చల్లారకముందే రాసేస్తున్నాను.

నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411. ఉండేది విశాఖలో. చలికాలం వస్తే ఏదో ఒక వంకతో మన్యం ఎక్కేస్తాను. బండికున్న హెడ్‌లైటు హెచ్4 రకం హాలోజెన్ బల్బు, హై బీమ్ 60 వాట్లు, లో బీమ్ 55. ఊళ్లో తిరగడానికి చాలు. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కాక మాత్రం మలుపు తిరిగిన ప్రతిసారీ ఆ వెలుగు లోయలోకి పోతుంది, రోడ్డేమో మన ఊహకి వదిలేస్తుంది. సరే అని ఒక్కోటి 40 వాట్లుండే ఎల్ఈడీ లైట్ల జత ఒకటి, యూఎస్‌బీ ఛార్జరు, కాస్త గట్టిగా అరిచే హారను కొన్నాను. కొనడం అరగంట, క్రాష్‌గార్డుకి క్లాంపులు బిగించడం ఇంకో అరగంట. అంతవరకు సుఖమే.

వైరింగుకి మా బావ ఒక షాపుకి పంపాడు. షాపు పేరు చెప్పను, చెప్పినా అతని గిరాకీ తగ్గదు. రిలే అంటే లైట్ల భారీ కరెంటుని చిన్న స్విచ్ బదులు తాను మోసే డబ్బా. "రిలే వేస్తారా అన్నా?" అని అడిగితే, హోటల్లో అన్నంలో ఉప్పేస్తారా అని అడిగినట్టు చూశాడు. "రిలే లేకుండా చేసే పనే మన దగ్గర లేదు సార్." రెండు గంటల పని, పన్నెండు వందలు. అంతా అయ్యాక తాళం తీసి నా చేతిలో పెట్టి హ్యాండిల్ మీది స్విచ్ నొక్కాడు. లైట్లు భగ్గుమన్నాయి. "చూశారా, తాళం లేకపోయినా వెలుగుతాయి. రాత్రి ఎక్కడైనా టెంట్ వేసుకుంటే పనికొస్తాయి సార్" అన్నాడు. షాపులో ఉన్న నలుగురూ తిరిగి చూశారు. నేను పొంగిపోయి వీడియో తీసి ఇంట్లో వాళ్ల గ్రూపులో కూడా పెట్టాను. ఆ వీడియో ఇప్పుడు చూస్తే నాకే సిగ్గుగా ఉంది, ఎందుకంటే తప్పు అందులోనే కళ్లకు కట్టినట్టు కనపడుతోంది.

వారం తిరగకుండానే పొద్దున్నపూట స్టార్టరు నీరసంగా మూలగడం మొదలుపెట్టింది. మూడేళ్ల బ్యాటరీ కదా, ఆయుష్షు తీరిందనుకున్నాను. సర్వీసుకి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు లైట్లను చూశాడు, నన్ను చూశాడు, "బయట వైరింగ్ చేయించారు, మేం ముట్టుకోం సార్" అన్నాడు. రూలు ప్రకారం అతనిదే రైటు. ఆ మాట చెప్పిన తీరు మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు. కొత్త బ్యాటరీ వేయించాను. నాలుగు రోజులు బాగానే ఉంది, ఆ తర్వాత మళ్లీ అదే మూలుగు.

ఆ బండితోనే మన్యం కొండల్లోని లంబసింగి వెళ్లాను, అదీ నా తెలివి. శుక్రవారం రాత్రి చేరాం. పొగమంచులో పసుపు ఫిల్టర్లు వేసుకుని వెళ్తుంటే, నిజం చెప్పొద్దూ, ఆ లైట్లు అద్భుతం. తెల్ల వెలుగు మంచు మీద పడి గోడలా తిరిగి కళ్లలోకి కొడుతుంది, పసుపు కిందుగా పడితే రోడ్డు అంచు కనపడుతుంది. శనివారం అంతా స్నేహితుడి కారులో తిరిగాం. బండి టెంటు పక్కనే ఉంది. ఆదివారం తెల్లవారుజామున దగ్గర్లోని చెరువులవేనం కొండ మీద మేఘాలు చూద్దామని లేచి తాళం తిప్పితే మీటర్ బోర్డు ఒక్కసారి మిణుకుమని ఆరిపోయింది. ఇంజనుకి పెట్రోలు నెట్టే పంపు కుయ్‌మనే చప్పుడు కూడా లేదు.

హిమాలయన్‌కి కిక్ ఉండదు. రెండు వందల కిలోలకు దగ్గరలో ఉండే బండిని ముగ్గురం వాలులోకి తోశాం, సెకండ్ గేరులో క్లచ్ వదిలితే వెనక చక్రం ఈడ్చుకుపోయింది తప్ప ఇంజను పలకలేదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి పంపు తిరగడానికే కరెంటు కావాలి, అది లేనప్పుడు ఎంత తోసినా మనకి చెమటే. నాలుగోసారి తోసేసరికి చుట్టూ ఓ పదిహేను మంది. టీ కొట్టు దగ్గర దుప్పటి కప్పుకుని కూర్చున్న పెద్దాయన గ్లాసు పక్కన పెట్టి, "ఏటి బాబూ, పెళ్లి ఊరేగింపుకి కట్టినట్టు ఇన్ని లైట్లెట్టావు, బండి లెగదేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. మా వాళ్లు అందరికంటే గట్టిగా నవ్వారు. ఆయన పాత స్ప్లెండరు ఒక్క కిక్కుకి స్టార్టయి, నా పక్కనుంచే వెళ్లిపోయింది.

చివరికి ఒక బొలెరో డ్రైవరు కేబుళ్లు తెచ్చాడు. తన ఇంజను ఆపేసి, ప్లస్‌కి ప్లస్ కలిపి, మైనస్‌ని నా ఇంజను మీద రంగు లేని లోహానికి పట్టించాడు. లేచింది. డబ్బులిస్తే తీసుకోలేదు. బదులుగా పది నిమిషాల క్లాసు పీకాడు, అది డబ్బులకంటే ఎక్కువ ఖరీదు. దారంతా ఎక్కడా ఇంజను ఆపకుండా, ఆకలేసినా దిగకుండా ఇంటికి చేరాను.

ఆ కసితో మల్టీమీటర్ కొన్నాను. తాళం తీసేసి, బ్యాటరీ మైనస్ వైరు ఊడదీసి, ఆ వైరుకీ బ్యాటరీకీ మధ్య మీటర్‌ని 10 ఆంపియర్ల రేంజిలో పెట్టాలి. అలా ఉండగా పొరపాటున కూడా స్టార్టరు నొక్కకండి, మీటర్‌లో ఫ్యూజు పోతుంది. నాది పోయింది, ఎలాగని అడక్కండి. ఫ్యూజు మార్చి మళ్లీ చూస్తే 0.17. బండి మొత్తం ఆపి ఉండగా 170 మిల్లీ ఆంపియర్లు ఎవరో తాగుతున్నారు! రోజుకి 24 గంటలు, అంటే నాలుగు ఆంపియర్ అవర్లు. నా బ్యాటరీ మొత్తం సామర్థ్యమే 8. శుక్రవారం రాత్రి నుంచి ఆదివారం తెల్లవారేదాకా లెక్కేస్తే, బ్యాటరీలో సుమారు మూడింట రెండు వంతులు చలిలో కూర్చుని ఖాళీ అయిపోయింది.

ముందు ఛార్జరు మీద అనుమానం. పీకితే 0.15 అయింది, అది కూడా దొంగే కానీ చిల్లర దొంగ. హారను పీకాను, తేడా లేదు. విసుగొచ్చి సీటు కింద చెయ్యి పెట్టి వైర్లు తడుముతుంటే ఏదో వెచ్చగా తగిలింది. రిలే. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో, పొద్దున్న ఆరింటికి, నల్ల రిలే డబ్బా జ్వరం వచ్చిన పిల్లాడి నుదురులా వెచ్చగా ఉంది. సాకెట్ నుంచి లాగాను. మీటర్ 0.00కి పడిపోయింది.

టేపు విప్పితే బండారం బయటపడింది. రిలేలో 85, 86 అనే కాళ్లు కాయిల్‌వి, అవే దాన్ని నిద్ర లేపేది. 30 నుంచి 87కి లైట్ల కరెంటు వెళుతుంది. మహానుభావుడు 85, 86లలో ఒకటి బ్యాటరీ ప్లస్‌కి, ఒకటి మైనస్‌కి నేరుగా కలిపేశాడు. అంటే రిలే రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉంది. హ్యాండిల్ స్విచ్చేమో 87 తర్వాత, లైట్ల వైరు మీదే పెట్టాడు. అసలు రిలే ఎందుకు వేస్తారు? ఆ చిన్న స్విచ్ మీద లైట్ల భారం పడకూడదనే కదా. 80 వాట్లు, ఆరేడు ఆంపియర్లు, అంతా ఆ బొమ్మ స్విచ్ గుండానే పోతోంది. విప్పి చూస్తే లోపల ప్లాస్టిక్ ఒక మూల కరిగి గోధుమ రంగుకి వచ్చేసింది. రిలే వేశానన్న మాట అబద్ధం కాదు మరి, వేశాడు, దిష్టిబొమ్మలా.

మొత్తం పీకి నేనే మళ్లీ చేశాను. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోనే 10 ఆంపియర్ల ఫ్యూజు, అక్కణ్నుంచి 30. 87 నుంచి లైట్లు. 86కి పార్కింగ్ లైటు వైరు నుంచి కరెంటు, మధ్యలో హ్యాండిల్ స్విచ్. 85 ఎర్త్‌కి, అంటే బ్యాటరీ మైనస్ వైపుకి. తాళం తీస్తే అంతా చావాలి, అంతే. ఛార్జరు కూడా అదే తాళం కిందకి తెచ్చాను. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్లకి హెడ్‌లైటు ఎలాగూ ఆపడానికి లేదు, పైన మన లైట్ల భారం కూడా బ్యాటరీ మీదే పడుతుంది, అందుకని ట్రాఫిక్‌లో ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు ఇవి ఆర్పేస్తాను. పగలు ఊళ్లో నల్ల కవర్లు వేస్తాను, పోలీసులతో వాదించే ఓపిక నాకు లేదు. ఎదుటివాడి కళ్లలో కొట్టకుండా లైట్ల తలలు కిందకి వంచండి. వంచని వాళ్లని ఘాట్‌లో చూసినప్పుడల్లా నాకు వచ్చే మాటలు ఇక్కడ రాయలేను.

మా విశాఖ గాలికి రాగి తీగ ఆకుపచ్చగా మారిపోతుంది, ఎండకి టేపు జిగురై కారుతుంది. కాబట్టి టేపు వద్దు, హీట్ ష్రింక్ (వేడి చేస్తే వైరు మీద బిగుసుకునే గొట్టం) వాడండి. బండి అదురుడుకి సోల్డర్ దగ్గర తీగ విరుగుతుంది, గట్టిగా క్రింప్ చేసిందే (కనెక్టర్‌ని నొక్కి బిగించిందే) నయం. హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూసి అప్పుడే వైరు కట్టండి.

నిన్న ఆ షాపుకి ఫోన్ చేశాను. అంతా ఓపిగ్గా విన్నాడు. "తాళం లేకుండా వెలగాలంటే అలాగే వేయాలి సార్, మీకు నచ్చిందని వీడియో కూడా తీసుకున్నారు కదా" అన్నాడు.