పెట్టె మీద పేరు

కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో నెస్‌పావెర్‌షెఫిట్ అనే ప్రాచీన ఈజిప్టు అధికారి శవపేటికల ముందు నిలబడి మా అమ్మాయి అడిగింది: "మరి తాతయ్య పేరు ఎక్కడ రాశారు నాన్నా?" ఎక్కడా రాయలేదని, అస్థికలు గోదావరిలో కలిపామని చెప్పాను. ఆ సాయంత్రమంతా నాతో సరిగా మాట్లాడలేదు.

నెస్‌పావెర్‌షెఫిట్ సుమారు 3000 ఏళ్ల కిందట ఈజిప్టులోని కర్నాక్‌లో అమున్ దేవుడి ఆలయంలో పనిచేసినవాడు. అక్కడి కార్ఖానాలకు, లేఖకులకు పైఅధికారి. 1822లోనే ఈ పేటికలు విశ్వవిద్యాలయానికి చేరాయి. ఒకదానిలో ఒకటి ఇమిడే కొయ్య పెట్టెలు. పసుపు నేల మీద కిక్కిరిసిన దేవతలు, వాళ్ల మధ్య చిత్రలిపిలో ఆయన పేరు, పదవులు. పేరు చెరిగిపోతే మనిషికి పరలోకంలోనూ ఉనికి ఉండదని ఆనాటి ఈజిప్షియన్ల నమ్మకం. లోపలి పేటిక మూత మీద వేలిముద్రలు కూడా దొరికాయి. వార్నిష్ ఆరకముందే ఎవరో పనివాడు మూతను పట్టుకుని జరిపాడు. అది విని మా అమ్మాయి తన వేళ్లను చాలాసేపు చూసుకుంది.

పిల్లలను ఇలాంటి చోట్లకు తప్పక తీసుకెళ్లమని తోటి తల్లిదండ్రులకు చెబుతుంటాను. మన ఆచారాల గురించి ఇంట్లో పుట్టని ప్రశ్నలు అక్కడ పుడతాయి. ఇంటికొచ్చాక తద్దినం గురించి వివరించాను. మనం రాయం, పలుకుతాం. తండ్రి, తాత, ముత్తాతల పేర్లు గోత్రంతో సహా చెప్పి, వసు, రుద్ర, ఆదిత్య రూపాలుగా తలచుకుని పిండం పెడతాం. ఆమె ముఖం విప్పారింది. "అయితే నీ తర్వాత నేను చెప్పాలి కదా?"

మాకు ఒక్కతే కూతురు. ఆడపిల్లవని నిన్ను ఎవరూ ఆపలేరని ఊహ తెలిసినప్పటి నుంచి ఆమెకు నూరిపోసిన నాకు, ఆ ప్రశ్నకు నోరు పెగల్లేదు. ఆచారం మారకూడదన్న పట్టుదల కూడా నాదే.

స్కాన్ చేసి చూస్తే నెస్‌పావెర్‌షెఫిట్ పెట్టెలో అంతకంటే పాత పేటిక చెక్కలు బయటపడ్డాయి. ఆ రోజుల్లో కర్నాక్ ఉన్న థీబ్స్ నగరంలో పాత పేటికల మీది పేరు చెరిపి కొత్తవాళ్ల పేరు రాయడం తరచూ జరిగేది. మన పద్ధతిలోనూ కొత్తగా ఒకరు పితృదేవతల్లో చేరితే పైతరం పేరు జారిపోతుంది. మా ముత్తాత తండ్రి పేరు నాకే తెలియదు. మరి ఈ పిల్లను దేన్ని నిలబెట్టమంటున్నాను?

ఈసారి తద్దినానికి పక్కన కూర్చోబెట్టి మూడు పేర్లూ చెప్పిస్తానని ఫోనులో అమ్మతో అన్నాను. "పంతులుగారిని అడుగు" అని ఊరుకుంది. కాదంటారేమోనని ఇంకా అడగలేదు. కాదన్నా చెప్పించాలనే ఉంది, కానీ అమ్మ నొచ్చుకుంటుంది.