పడమటి గోడకు వరిగడ్డి తొడుగు

మట్టిల్లు చల్లగా ఉంటుందంటారు. మన విశాఖలో ఆ మాట సగమే నిజం. ఆనందపురం దగ్గర మేం కట్టుకున్న ఇంట్లో పడమటి గది మధ్యాహ్నమంతా హాయిగానే ఉంటుంది. రాత్రి భోజనాలయ్యాక గోడ మీద చెయ్యేస్తే మాత్రం వెచ్చగా తగులుతుంది. దిట్టంగా పెట్టిన మట్టి గోడ వేడిని ఆపదు, దాచుకుని ఆలస్యంగా వదులుతుంది. ఎడారుల్లో రాత్రి చలికి గోడ చల్లారిపోతుంది. ఇక్కడ మే నెల రాత్రుల్లో ఉక్క, పైగా 27, 28 డిగ్రీలు. ఇంకెప్పుడు చల్లారుతుంది?

అందుకే ఆ గోడకు బయటివైపు నాలుగంగుళాల మందాన వరిగడ్డి, మట్టి కలిపిన పొర వేయించాను. బయట వేస్తే ఎండ వేడి అసలు గోడదాకా చేరడమే తగ్గుతుంది.

కిటుకంతా కలపడంలోనే ఉంది. బంకమట్టిని డ్రమ్ములో నానబెట్టి, రాళ్లు లేకుండా జల్లెడ పట్టాలి. చెయ్యి ముంచి తీస్తే చర్మం కనపడనంత చిక్కగా ఉండాలి. దాన్ని గడ్డి మీద చల్లి, పరక పరకకీ పల్చగా అంటేలా కలపాలి. పిడికిట్లో నొక్కితే నీళ్లు కారకూడదు. మట్టి ఎక్కువైతే గడ్డి మధ్య గాలికి చోటుండదు. వేడిని ఆపేది ఆ గాలే. సరుగుడు కర్రలతో ఫ్రేమ్ కట్టి, పలకలు బిగించి, కొంచెం కొంచెంగా కూరుతూ పైకి వెళ్లాం.

"గడ్డెడితే చెదలు పట్టేత్తాయి కదేటి బాబూ" అన్నాడు మేస్త్రి. న్యాయమైన ప్రశ్నే. అందుకే నేలనుంచి రెండడుగులు రాతికట్టు వదిలి, ఆ పైనే గడ్డి మొదలుపెట్టాం. చెదలు ఎక్కితే ఆ రాయి మీద మట్టిదారులు కనిపిస్తాయి, గీకేయొచ్చు.

అసలు శత్రువు తడి. నీరు గాలికంటే 20 రెట్లకు పైగా వేడిని పంపిస్తుంది. తడిసిన గడ్డి కుళ్లిపోతుంది కూడా. ఈ పని సంక్రాంతి తర్వాతే పెట్టుకోండి. కొత్త గడ్డి దొరుకుతుంది, వానలకు ముందు ఆరడానికి నెలలుంటాయి. సిమెంటు పూత మాత్రం వద్దు, దయచేసి. లోపలి చెమ్మ బయటికి పోనివ్వదు. సున్నం, ఇసుక పూతే వేయండి, అదీ గడ్డి పూర్తిగా ఆరాకే. చూరు బాగా ముందుకు దించండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లకు వాన అడ్డంగా ఎలా కొడుతుందో చెప్పక్కర్లేదు. మన తీరం పల్లెల్లో పాత చుట్టిళ్ల చూరు నడుం ఎత్తుకు దిగేది ఇందుకే.

ఇప్పుడు రాత్రి ఆ గోడ, తూర్పు గోడ చేతికి ఒకేలా ఉన్నాయి. ఇక పైకప్పు పని మిగిలింది. అటక మీద ఊక పరవాలనుకుంటున్నాను. ఎలుకలు రాకుండా అంచులకు సన్నజాలీ కొట్టించాకే మొదలుపెడతాను.