సామర్థ్యం అనే మాట వెనుక: డ్వైట్ వాల్డో

ప్రభుత్వ పాలనాశాస్త్రం చదువుకున్న రోజుల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసిన పండితుడు డ్వైట్ వాల్డో. యేల్ విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధన ఆధారంగా 1948లో ఆయన వెలువరించిన ‘ది అడ్మినిస్ట్రేటివ్ స్టేట్’ అనే పుస్తకం, పొదుపు, సామర్థ్యం వంటి మాటలు పైకి శాస్త్రీయంగా కనిపించినా వాటి లోపల ఒక రాజకీయ తత్త్వం ఇమిడి ఉందని వాదించింది. వాస్తవాలను విలువల నుంచి వేరుచేసి చూడవచ్చన్న మరో పాలనాశాస్త్ర పండితుడు హెర్బర్ట్ సైమన్‌తో 1952లో జరిగిన వాదప్రతివాదాల్లో ఇద్దరూ ఘాటుగానే రాసుకున్నారు. తర్కంలో సైమన్‌దే పైచేయి అనిపించినా, ఎందుకో నా మొగ్గు వాల్డో వైపే. 1968లో పాలనాశాస్త్రం దిశ గురించి కొత్తగా ఆలోచించేందుకు అమెరికాలోని మిన్నోబ్రూక్ అనే చోట జరిగిన యువ పండితుల సమావేశానికి పూనుకున్నదీ ఆయనే. 1979లో సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేసిన ఆయన, వైద్యానికి ఒకే సిద్ధాంతం లేనట్టే పాలనకూ ఉండనక్కరలేదని, అనేక శాస్త్రాల నుంచి అవసరమైనది తీసుకునే వృత్తిగా దాన్ని చూడాలని కోరారు.