రెండు పౌండ్ల బొమ్మకి డెబ్బై ఐదు పౌండ్ల భయం

శనివారం పొద్దున పది దాటితే మా వరసలోకి మనవాళ్ళు రావడం మొదలవుతుంది. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఒక పెద్ద హార్డ్‌వేర్ స్టోర్. అందులో మేకులు, స్క్రూలు, హుక్కులు ఉండే చోట నా డ్యూటీ. మనవాళ్ళని గుర్తుపట్టడం కష్టం కాదు. ముందు ఫోన్ చూస్తారు, తర్వాత అర చూస్తారు, మళ్ళీ ఫోన్ చూస్తారు. ఏప్రన్ మీద నా పేరు చదివి ఒక్క క్షణం ఆగి, "తెలుగా అంకుల్?" అంటారు. కొందరు చదివాక కూడా ఇంగ్లీషులోనే అడుగుతారు. నేనూ నాకొచ్చినంత ఇంగ్లీషులోనే చెబుతాను.

మొన్న ఒక కుర్రాడు వచ్చాడు. నా దగ్గరికి వచ్చేసరికే చేతినిండా సరుకు. గోడ కన్నంలో దూరి స్క్రూకి పట్టునిచ్చే, 75 పౌండ్లు మోస్తాయని రాసి ఉన్న యాంకర్ల పాకెట్టు, డ్రిల్ బిట్ల సెట్టు, గోడ వెనక కర్ర ఎక్కడుందో చెప్పే స్టడ్ ఫైండరు.

"ఏం తగిలిస్తున్నావు బాబూ?"

"క్యాన్వాస్ ప్రింట్ అంకుల్. పెళ్ళి ఫోటో. 16 బై 20 అంగుళాలు."

"బరువెంత?"

తెలీదన్నాడు. ఎవరికీ తెలీదు. ఈ వరసలో నిలబడి నన్ను సలహా అడిగినవాళ్ళలో తూచుకుని వచ్చినవాళ్ళు ఒక చేతి వేళ్ళకి మించి లేరు.

"సూట్‌కేసులు తూచే కాటా ఉందా ఇంట్లో?" అని అడిగాను. అది లేని తెలుగిల్లు అమెరికాలో ఉండదు. ఇండియా ప్రయాణానికి ముందురోజు రాత్రి 23 కిలోల దగ్గర పచ్చడి సీసా ఉంచాలా తియ్యాలా అని గొడవపడేది దాని సాక్షిగానే. ఆ కాటా కొక్కేనికి క్యాన్వాస్ వెనక తీగ తగిలించి పైకెత్తితే సరిపోతుంది. 16 బై 20 అంటే సుమారు రెండు పౌండ్లు. కిలో టమాటాలంత కూడా లేదు. మూడడుగుల పొడవుండే 24 బై 36 కూడా మామూలుగా నాలుగైదు పౌండ్ల దగ్గరే ఆగుతుంది. చెక్క చట్రానికి గుడ్డ బిగించి వెనక స్టేపుల్స్ కొట్టిన వస్తువు, గాజు లేదు, ఇంకెంత బరువుంటుంది?

అయినా భయం. ఆ భయం నాకు తెలుసు. నేనే దానితో ఒక రంధ్రం చేశాను.

మా తమ్ముడు మమ్మల్ని అమెరికా రప్పించడానికి తోబుట్టువుల కోటాలో 2004లో వేసిన కాగితాలు 2019లో కదిలాయి. అప్పటికి నాకు 52 ఏళ్ళు, పెద్దమ్మాయికి 27. ఇరవై ఒకటి దాటిన పిల్లలకి ఆ కాగితాల్లో చోటు లేదన్నారు. అది గుంటూరులో ఉండిపోయింది. నేనూ, మా ఆవిడా, అబ్బాయీ వచ్చాం. తెనాలి బోసు రోడ్డులో ఇరవై మూడేళ్ళు హార్డ్‌వేర్ కొట్టు నడిపినవాణ్ణి. మేకులు కిలోల్లెక్కన కాగితంలో పొట్లం కట్టి ఇచ్చేవాణ్ణి. అక్కడ గోడ శత్రువు. ఇటుక, సిమెంటు. మామూలు మేకు వంగిపోతుంది, స్టీలు మేకు ఎగిరి కంట్లో పడుతుంది, సున్నం పెచ్చు ఊడుతుంది. మా నాన్నయితే గోడలో చెక్కముక్క దిగ్గొట్టి దానికి మేకు కొట్టేవాడు. కాబట్టి మేకు కొట్టడమంటే నాకు తెలిసింది ఒకటే, బలం.

తమ్ముడింట్లో దిగిన రెండో వారంలో వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ తగిలిద్దామని మూడంగుళాల మేకూ సుత్తీ తీసుకుని, తెనాలి దెబ్బ ఒకటి వేశాను. మేకు కనపడలేదు. సుత్తి తల సగం గోడలోకి పోయింది. తీస్తే అర్ధచంద్రాకారంలో కన్నం, లోపల చీకటి. మరదలు వంటింట్లోంచి వచ్చి చూసి, "పర్లేదు బావగారూ" అంది. ఆ 'పర్లేదు'లో ఏముందో అందరికీ తెలుసు. క్యాలెండర్‌ని కన్నం మీదే ఏదో రకంగా నిలబెట్టాం. ఏడాది అయిపోయాక కూడా ఎవరూ దాన్ని తియ్యలేదు.

డ్రైవాల్ అంటే ఏమిటో స్టోర్‌లో చేరాక నేర్పినవాడు మెక్సికో నుంచి వచ్చిన సహోద్యోగి. ఏళ్ళ తరబడి ఆ పలకలు ఎత్తి బిగించి, మోకాళ్ళు పోయి ఇక్కడ తేలాడు. వాళ్ళు దాన్ని టాబ్లారోకా అంటారు. ఇక్కడి మేస్త్రీలు షీట్‌రాక్ అంటారు గానీ అది నిజానికి ఒక కంపెనీ సరుకు పేరు, మనం వనస్పతి అంతటినీ డాల్డా అన్నట్టు. జిప్సం ముద్దని రెండు దళసరి కాగితాల మధ్య పోసి ఆరబెట్టిన పలక అది. ఇళ్ళ గోడలకి ఎక్కువగా అర అంగుళం మందం. దాని వెనక ఖాళీ, మధ్యమధ్య నిలువు కర్రలు. మామూలుగా ఒకదాని నడిమి నుంచి ఇంకోదాని నడిమికి 16 అంగుళాలు. ఆ కర్రని 'టూ బై ఫోర్' అంటారు, కొలిస్తే ఒకటిన్నర బై మూడున్నర అంగుళాలే. తెనాల్లో ఈ కొలతతో అమ్మితే కొట్టు మీదకి జనం వచ్చేవాళ్ళు.

ఆ గోడని అట్టపెట్టె అని వెక్కిరించే మనవాళ్ళతో నేను ఏకీభవించను. జిప్సంలో నీరు కట్టుబడి ఉంటుంది. మంట తగిలితే ఆ నీరు ఆవిరవుతూ నిప్పుని కొంతసేపు ఆపుతుంది. కర్ర ఇళ్ళకి అది చిన్న సాయం కాదు. దాని బలహీనత వేరే. ముందుకి లాగితే ఓడిపోతుంది, కిందకి నొక్కితే మాత్రం బాగానే ఓర్చుకుంటుంది. పటం తగిలించే విద్య అంతా ఈ ఒక్క తేడాలో ఉంది.

అందుకే ఆ కుర్రాడి చేతిలో సరుకంతా తీసి అరల్లో పెట్టించి, ఒక చిన్న పాకెట్టు ఇచ్చాను. ఇత్తడి రంగు పిక్చర్ హుక్కులు. పాకెట్టు మీద 10, 20, 30, 50 పౌండ్లు అని రకాలుంటాయి, క్యాన్వాస్‌కి 20ది చాలు. మేకు సూదిలా సన్నగా ఉంటుంది. హుక్కుకున్న రంధ్రం దాన్ని పైనుంచి కిందకి ఏటవాలుగా పట్టుకుంటుంది. హుక్కు గోడకి బల్లపరుపుగా ఆనుతుంది. బరువు గోడని ముందుకి లాగదు, గోడ వెంబడే కిందకి దిగుతుంది. తీసేశాక మిగిలేది బియ్యపుగింజ కూడా పట్టని రంధ్రం.

"కర్ర వెతకక్కర్లేదా అంకుల్?"

"అక్కర్లేదు. కర్ర దొరికిన చోట కాదుగా, నీకు కావాల్సిన చోట ఉండాలి బొమ్మ."

పెద్ద అద్దం, పుస్తకాల అర, టీవీ అయితే నేనే కర్ర వెతకమంటాను. గట్టి అయస్కాంతం గోడ మీద జరిపితే పలకని కర్రకి బిగించిన స్క్రూ తల దగ్గర టక్కున అంటుకుంటుంది. దాని పైనా కిందా ఇంకా స్క్రూలు దొరికితే కర్ర అక్కడున్నట్టే. కర్ర దొరకని చోట బరువు మొయ్యాలంటే టాగుల్ బోల్టు. రెండు రెక్కలు ముడుచుకుని కన్నంలోంచి దూరి గోడ వెనక గొడుగులా విచ్చుకుంటాయి. మంచి సరుకే, కానీ దానికి కన్నం పెద్దది కావాలి, బోల్టు విప్పితే రెక్కలు గోడ లోపలికి పడిపోతాయి. రెండు పౌండ్ల పెళ్ళి ఫోటోకి ఇదెందుకు? ఇంకొక్క మాట, స్విచ్చికీ ప్లగ్గుకీ తిన్నగా పైనా కిందా మేకు కొట్టొద్దు. కరెంటు తీగ ఆ దారినే పోతూ ఉండొచ్చు.

హుక్కు ఒకటి కాదు, రెండు. ఇది మాత్రం పట్టుబట్టి చెబుతాను. ఒక్క హుక్కు మీద తీగ ఉంటే, పక్కింటివాళ్ళు తలుపు గట్టిగా వేసిన ప్రతిసారీ బొమ్మ ఓరగిలుతుంది. నాలుగైదు అంగుళాల ఎడంలో రెండు హుక్కులుంటే కదలదు. వెనక తీగ లేకపోతే రెండు సన్నని మేకులు ఏటవాలుగా కొట్టి, చట్రం పై చెక్కనే వాటి మీద కూర్చోబెట్టొచ్చు. కొలత తప్పకుండా ఉండడానికి మా మెక్సికన్ మిత్రుడు చూపించిన పద్ధతి ఉంది. క్యాన్వాస్ వెనక నీలం పెయింటర్ టేపు అడ్డంగా అంటించి, మేకులు ఎక్కడ రావాలో దాని మీద పెన్నుతో చుక్కలు పెట్టాలి. ఆ టేపు ఊడదీసి గోడ మీద అంటించి, అడ్డంగా సమంగా ఉందో లేదో లెవెల్‌తో చూసి, చుక్కల మీదే కొట్టి టేపు లాగేయాలి. అంతే. తీగకైతే ముందు రెండు వేళ్ళతో దాన్ని పైకి లాగి పట్టుకుని చుక్కలు పెట్టాలి, బరువు పడ్డప్పుడు తీగ సాగే తీరు అదే కాబట్టి.

"అపార్ట్‌మెంట్ అంకుల్, మేకు కొడితే డిపాజిట్ పోతుందేమో?" ఇది రెండో భయం. దీనివల్లే అంటుకునే పట్టీలు కొనుక్కుపోతారు. పట్టీలు చెడ్డవి కావు. నున్నటి గోడ అయి, ఆల్కహాల్‌తో తుడిచి, పాకెట్టు మీద రాసినంతసేపు నొక్కి, ఆగమన్నంతసేపు ఆగితే నిలబడతాయి. మనవాళ్ళు ఆగరు. పైగా ఇక్కడి గోడల మీద చాలాచోట్ల నారింజ తొక్కలా బొడిపెలు చల్లి రంగేస్తారు. పట్టీ ఆ బొడిపెల కొనలకే అంటుకుంటుంది, మధ్యలో అంతా గాలి. మా మొదటి అపార్ట్‌మెంట్‌లో ఇలాగే ఒకటి అంటించాను. రాత్రి రెండింటికి ధడేలుమంది. మా ఆవిడ దొంగలనుకుని నన్ను లేపి, తను దుప్పటి ముసుగేసుకుంది. పొద్దున చూస్తే పట్టీతోపాటు అరచేయంత రంగు పెచ్చు కూడా వచ్చేసింది. మేకు రంధ్రానికి డిపాజిట్ పోతుందని భయపడి ఇది చేశాను!

తర్వాత లీజు కాగితం తీసి చదివాను. టెక్సాస్‌లో చాలా అపార్ట్‌మెంట్లు ఒకే రకం ఫారం వాడతాయి. పటాలు తగిలించడానికి షీట్‌రాక్ గోడల్లో కొద్దిపాటి చిన్న మేకు రంధ్రాలు చేసుకోవచ్చని అందులోనే ఉంది, ఆ అపార్ట్‌మెంట్ సొంత నియమాలు వద్దంటే తప్ప. మీది చదువుకోండి. ఇంత చదువుకుని వచ్చిన పిల్లలు సంతకం పెట్టిన కాగితం చదవరు.

కుర్రాడు హుక్కులు మాత్రమే కొనుక్కుని వెళ్ళాడు. తెనాలి కొట్లో అయితే మూడు పాకెట్లూ కట్టి ఇచ్చేవాణ్ణేమో, అబద్ధమెందుకు. ఇక్కడ గంటకింత అని జీతం. ఎంత అమ్మినా అంతే వస్తుంది కాబట్టి నిజం చెప్పడం తేలిక.

మా ఇంటి సంగతి కూడా చెప్పాలి. పోయిన నెల అమ్మాయి గుంటూరు నుంచే ఇక్కడి కంపెనీకి ఆర్డరిచ్చి నాకొక క్యాన్వాస్ పంపించింది. బోసు రోడ్డులో మా కొట్టు. షట్టరు సగం ఎత్తి ఉంది, లోపల నైలాన్ తాళ్ళ చుట్టలు వేలాడుతున్నాయి, కాటా పక్కన నా కళ్ళజోడు పెట్టె. ఎప్పుడు తీసిందో ఆ ఫోటో నాకు తెలీదు. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల షాపు. కాటాకి తగిలిస్తే నాలుగు పౌండ్ల పైన కొద్దిగా చూపించింది. రెండు హుక్కులు, నీలం టేపు, లెవెల్, అన్నీ పద్ధతిగా చేశాను. పది నిమిషాల పని.

మా ఆవిడ సోఫాలో కూర్చుని చూసి, "ఏంటండీ అంత ఎత్తున కొట్టారు? దండ వేసే పటంలాగా" అంది.

నిజమే. స్టోర్‌లో రోజూ నేను చెప్పే లెక్క ఇంకొకటి ఉంది. బొమ్మ నడిమి నేల నుంచి 57 అంగుళాల ఎత్తులో ఉండాలి. మ్యూజియంలవాళ్ళు పాటించే కొలత, నిలబడ్డ మనిషి కళ్ళకి సూటిగా వస్తుంది. మనవాళ్ళు పటం అంటే దండం పెట్టుకునేదనుకుంటారు కాబట్టి తల ఎత్తి చూసే చోట కొడతారని నేనే నవ్వుతుంటాను. మా తాతల ఫోటోలు గుమ్మం పైన తాడుకి వేలాడుతూ ముందుకి వాలి మమ్మల్ని చూస్తుండేవి. చెయ్యి ఆ అలవాటులోనే పోయినట్టుంది. టేపుతో కొలిస్తే 64 వచ్చింది.

హుక్కులు తీసి ఏడంగుళాలు దించాను. పైన రెండు చుక్కలు మిగిలాయి. వేలితో కాస్త పుట్టీ రాశాను. ఆరాక చూస్తే గోడ రంగు కన్నా తెల్లగా ఉన్నాయి. అమ్మాయి వీడియో కాల్‌లో కొట్టు చూసి, కొట్టు గురించి ఏమీ అనకుండా, "నాన్నా, పైన ఆ తెల్లచుక్కలేంటి?" అంది.