బతికున్న మనిషిని పోయాడని రాసిన నా మొదటి ప్రకటన

ఈ ఉదయమే ఆన్‌లైన్‌లో నా వ్యాపారం పేజీలో కొత్త కథ పెట్టాను. పాతది తీసేసి నెల దాటింది. ఇన్నాళ్లూ గుండెలో గుచ్చుకున్నది ఇప్పుడే కాస్త సర్దుకుంది కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చిన్న వ్యాపారం చేసుకుంటూ, “మీ కథ చెప్పుకోండి, గిరాకీ అదే వస్తుంది” అన్న సలహా వింటున్నవాళ్లు ఇది చదవాలని నా కోరిక.

నేను పాత పుస్తకాలకు బైండింగ్ చేస్తాను. చిరిగిన ఫారాలు, అంటే పేజీలు మడిచిన కట్టలు, విడదీసి, అతికి, మళ్లీ కుట్టి, కొత్త అట్ట వేసి ఇస్తాను. నా కుట్టు ఊడిందని ఇంతవరకు ఒక్క పుస్తకమూ తిరిగి రాలేదు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. అయినా కొత్తవాళ్లు రావడం తగ్గింది, అందుకే పేజీ తెరిచాను. పేరు పెట్టడం, ఫొటోలు తీయడం, ఫోను నంబరు ఎక్కించడం ఒక్క పూటలో అయిపోయాయి. “మా గురించి” అన్న చోట ఏం రాయాలో మాత్రం వారం రోజులైనా తేలలేదు.

రుసుము కట్టి ఒక శిక్షణ తరగతిలో చేరాను. అక్కడ చెప్పిన సూత్రం ఇది: ఒక మనిషి, ఆ మనిషికో కష్టం, ఆ కష్టం తీర్చిన మీరు, చివర కన్నీరు. నేను రాసుకెళ్లింది అందరి ముందూ పైకి చదివించారు. కాగితానికి పోగు, అంటే లోపలి నార వాలిన దిశ, ఉంటుందనీ, అది పుస్తకం వెన్నుకు సమాంతరంగా ఉంటేనే పేజీలు చక్కగా వాలుతాయనీ, అడ్డంగా పడితే పుస్తకం బిర్రబిగుసుకుని తేమకు అలలు తేలుతుందనీ రాశాను. “ఇది పాఠం, కథ కాదు. ఇందులో ఏడుపు ఎక్కడుంది?” అన్నారు శిక్షకుడు. గదంతా నవ్వింది.

ఆ తర్వాత ఒక ఉదాహరణ చెప్పారు. 2009లో రాబ్ వాకర్, జాషువా గ్లెన్ అనే ఇద్దరు అమెరికా రచయితలు పాత సామాన్ల దుకాణాల్లో చవక వస్తువులు కొని, ఒక్కోదానికి ఒక్కో రచయిత చేత కథ రాయించి ఈబే అనే వెబ్‌సైటులో వేలానికి పెట్టారు. మొత్తం 129 డాలర్లు కూడా కాని వస్తువులు 3,600 డాలర్లకు పైగా పలికాయి. “చూశారా, కథ నిజం కానక్కర్లేదు” అని ముగించారు. చాలా రోజుల తర్వాత నేనే వెతికి చదివితే తెలిసింది. ఆ కథలు కల్పితాలని దాచకుండా, ప్రతి కథకూ రచయిత పేరు వేసి మరీ పెట్టారు. కొన్నవాళ్లు మోసపోయి కొనలేదు, తెలిసే కొన్నారు. ఉదాహరణలో ప్రాణమున్న సగాన్ని మింగేసి మిగతా సగం మాకు అమ్మారు. ఆ శిక్షకుడి మీద నా కోపం ఈనాటికీ చల్లారలేదు.

తరగతి అయిన వారంలోనే ఒకావిడ ఒక నిఘంటువు తెచ్చారు. “ఇది మా నాన్నగారు వాడేవారండీ. జాగ్రత్తగా చేయండి” అన్నారు, అంతే. “వాడేవారు” అన్న ఒక్క మాట పట్టుకుని మిగతాదంతా నేనే అల్లేశాను. తండ్రి పోయాక మిగిలిన ఏకైక గుర్తు, దాన్ని గుండెకు హత్తుకుని కన్నీళ్లతో వచ్చిన కూతురు, మళ్లీ ప్రాణం పోసిన నా చేతులు. గంటలో రాసేశాను. మొదటి పేజీ ఫొటో కూడా పెట్టాను, ఆ పేజీ మీద ఆయన సంతకం ఉంది. నేను పెట్టిన వేటికీ రానంత స్పందన దానికి వచ్చింది. ముగ్గురు కొత్తవాళ్లు పుస్తకాలు తెచ్చారు. శిక్షకుడు దాన్ని మెచ్చుకుంటూ అందరికీ పంపించారు.

తొమ్మిదో రోజు ఆవిడ వచ్చారు. ఆమె మోచేయి పట్టుకుని ఒక పెద్దాయన ఉన్నారు. అప్పుడు నా దగ్గర ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఆవిడ నా బల్ల ముందు నిలబడి, ఫోను తీసి, నేను రాసిందంతా పైకి చదివారు. గొంతు ఏమాత్రం పెంచలేదు. “తండ్రి పోయాక” అన్న చోట ఆగి, “ఈయనేనండీ ఆ పోయిన తండ్రి” అన్నారు.

నాకు నోట మాట రాలేదు. ఆయనకు చూపు పోయి నాలుగేళ్లయిందట. చదవలేరు కాబట్టే “వాడేవారు” అన్నారు. ఫొటోలో సంతకం గుర్తుపట్టి పాత స్నేహితులు ఇద్దరు పరామర్శకు ఫోను చేశారట. ఆ ఫోను ఎత్తింది ఆయనే. అక్కడ కూర్చున్న ఇద్దరూ తల దించుకున్నారు. నేను క్షమించమని అడిగాను. కానీ ఎవరిని ఏమని అడుగుతున్నానో నాకే తెలియలేదు.

పుస్తకం అప్పటికే తయారైంది. ఆయన చేతుల్లో పెట్టాను. మధ్యకు తెరిచి, రెండు పేజీలు కలిసే లోయలో బొటనవేలు పైనుంచి కిందికి నడిపారు. మళ్లీ కింది నుంచి పైకి. “నా కుట్టు తీసేశారా?” అని అడిగారు.

ఆ కుట్టు నాకు బాగా గుర్తుంది. ఏళ్ల కిందట ఫారాలు ఊడిపోతుంటే ఆయనే దబ్బనంతో పక్కనుంచి పొడిచి, నైలాను దారంతో కుట్టుకున్నారు. పక్క కుట్టు వేస్తే పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, వెన్ను దగ్గరి అక్షరాలు లోపల దాక్కుంటాయి. అందుకే విప్పాల్సి వచ్చింది. కానీ ప్రతి రంధ్రం పక్కనా ఒక పెన్సిలు చుక్క ఉంది. స్కేలు పెట్టి సమానంగా కొలిచి, చుక్కలు పెట్టుకుని, ఆ తర్వాతే పొడిచారు. ఒక చోట దబ్బనం జారి పక్కకు దిగితే, ఆ తప్పు రంధ్రాన్ని సన్నని కాగితం ముక్కతో మూశారు. ఇదంతా విప్పేటప్పుడు నా కళ్లతో చూశాను. చూసి కూడా రాయలేదు, ఎందుకంటే అందులో ఏడుపు లేదు.

“పోయానని రాస్తే రాశారు” అన్నారు ఆయన. “ఆ కుట్టు గురించి ఒక్క ముక్కైనా రాయలేదేమిటి?”

దారం ఉందా అని అడిగారు. చెత్తలో పడేశానని చెప్పాల్సి వచ్చింది. ఈ వృత్తిలో నేను పలికిన మాటల్లో అంత బరువైనది ఇంకోటి లేదు.

ఆ రాత్రే ఆ కథ తీసేశాను. దాన్ని చూసి వచ్చిన ముగ్గురికీ ఫోను చేసి నిజం చెప్పాను. వాళ్లలో ఒకావిడ పుస్తకం వెనక్కి తీసుకున్నారు. అది ఆవిడ హక్కు.

తర్వాత ఈ విషయం మీద దొరికింది దొరికినట్టు చదివాను. 1944లో ఫ్రిట్జ్ హైడర్, మరియన్ సిమ్మెల్ అనే మనస్తత్వవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. రెండు త్రిభుజాలు, ఒక వృత్తం ఒక పెట్టెలాంటి బొమ్మ చుట్టూ తిరిగే చిన్న ఫిల్మును 34 మందికి చూపించి, ఏం జరిగిందో రాయమన్నారు. ఒక్కరు తప్ప అందరూ వాటిని ప్రాణమున్నవాటిగానే చెప్పుకొచ్చారు, తరిమాయని, భయపడ్డాయని. గీతల్లోనే ఇంత చూడగలిగే మనిషికి మనం కన్నీరు కలిపి ఇవ్వాలా? పెన్సిలు చుక్కల గురించి చెబితే చాలు, వాటి వెనకున్న మనిషిని చదివేవాళ్లే పట్టుకుంటారు. చిన్న వ్యాపారికి ఉన్న గొప్ప వసతి కూడా ఇదే. పెద్ద కంపెనీలో ప్రకటన రాసేవాళ్లు ఆ వస్తువును ముట్టుకుని ఉండకపోవచ్చు. మనం రోజూ ముట్టుకుంటాం.

ఇప్పుడు ఎవరి పుస్తకం గురించి రాసినా ముందు వాళ్లకు చదివి వినిపిస్తాను. ఫొటోకు అనుమతి వేరుగా అడుగుతాను, పేర్లూ సంతకాలూ కప్పేస్తాను. విప్పిన దారం కవరులో వేసి పుస్తకంతో పాటే ఇచ్చేస్తాను. వద్దన్నవాళ్ల గురించి రాయను. “మా కథ రాయండి” అని తొందరపెట్టేవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉంటాను.

పెద్దాయన కథ మళ్లీ రాయడానికి నెల పట్టింది. ఆయన ఒప్పుకుంటారని అనుకోలేదు. నిన్న సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, ఆయన పక్కన కూర్చుని మొత్తం చదివాను. కాగితం పోగు గురించి రాసిన పేరా దగ్గర ఇంకోసారి చదవమన్నారు. చివరిదాకా విని, కాసేపు వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నారు.

“ఎనిమిది రంధ్రాలని రాశారు” అన్నారు. “తొమ్మిది. జారినదాన్ని కూడా కలపండి.”

కలిపాను.