నీళ్లు తాగొద్దనే రూలు, నా సీడీఎస్ ప్రిపరేషన్

ఆర్మీకి ప్రిపేర్ అవుతున్న తమ్ముళ్లకీ, చెల్లెళ్లకీ. సిలబస్, పుస్తకాల లిస్టు ఎక్కడైనా దొరుకుతాయి. సీడీఎస్ (సైన్యంలో ఆఫీసర్ ఉద్యోగాలకి యూపీఎస్సీ పెట్టే పరీక్ష) రాతపరీక్షకి పాత పేపర్లు టైమ్ పెట్టుకుని చేస్తే చాలావరకు గట్టెక్కొచ్చు. నేను చెప్పాలనుకున్నది గ్రౌండ్ సంగతి.

గుంటూరులో నేను చేరిన అకాడమీలో మమ్మల్ని, జవాన్ల భర్తీకి ప్రిపేరయ్యే అగ్నివీర్ బ్యాచ్‌తో కలిపి పరిగెత్తించేవారు. రూల్స్‌కి కొదవ లేదు. గుండు చేయించుకోవాలి. సీనియర్ ఎదురుపడితే సెల్యూట్ కొట్టాలి. ఒకడు లేటైతే అందరూ గోడకుర్చీ వేయాలి. వీటన్నిటినీ మించింది ఇంకోటి ఉంది: రన్నింగ్ మొదలయ్యాక ప్రాక్టీస్ ముగిసేదాకా చుక్క నీళ్లు ముట్టకూడదు. అడిగితే "బోర్డర్‌లో నీకు నీళ్లెవరిస్తార్రా?" అనేవారు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, అదీ గుంటూరులో!

ఓ రోజు పల్నాడు నుంచి వచ్చిన కుర్రాడు ట్రాక్ వదిలేసి అడ్డదిడ్డంగా నడవడం మొదలుపెట్టాడు. పేరడిగితే చెప్పలేకపోయాడు. నీడలోకి లాక్కెళ్లి, చొక్కా విప్పి, తల మీదా ఒంటి మీదా నీళ్లు కుమ్మరించాం. అదృష్టం, తేరుకున్నాడు. ఎండలో మనిషి అలా తికమకపడుతున్నాడంటే అది వడదెబ్బ కావచ్చు. వెంటనే ఒళ్లు చల్లబరచండి, 108కి ఫోన్ చేయండి.

నీళ్లు మానిపిస్తే ఒళ్లు అలవాటుపడుతుందన్న నమ్మకం ఒకప్పుడు సైన్యాల్లోనూ ఉండేది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అడాల్ఫ్ అనే శాస్త్రవేత్త బృందం అమెరికా ఎడారుల్లో సైనికుల మీద పరిశీలించి అది తప్పని తేల్చింది. ఒళ్లు ఎండకి అలవాటుపడుతుంది గానీ నీళ్లు లేకపోవడానికి పడదు. మన నేవీ 2023 జూలైలో, ఆఫీసర్లు బ్యాటన్ (హోదాకి గుర్తుగా చేత్తో పట్టుకునే చిన్న కర్ర) పట్టుకు తిరిగే అలవాటుని వలస పాలన నాటిదని ఆపేసింది. పాత అలవాట్లని అక్కడే వదిలేస్తుంటే, ఇక్కడ మన అకాడమీలకెందుకో ఇంత పట్టుదల!

రూల్స్ అన్నీ దండగని కాదు. ఎస్‌ఎస్‌బీలో (రాతపరీక్ష పాసయ్యాక ఆఫీసర్లని ఎంపిక చేసే ఇంటర్వ్యూ), జట్టుగా అడ్డంకులు దాటే గ్రూప్ టాస్కుల్లో ఎరుపు రంగున్న చోట మనిషీ తగలకూడదు, సామానూ తగలకూడదు. చిరాకేస్తుంది, కానీ ఆ ఎరుపే లేకపోతే పలక వేసుకుని దాటేయడమే, బుర్రకి పనేముంది? అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో ముగిస్తే 60 మార్కులు, బీమ్ మీద 10 పుల్-అప్స్‌కి 40. గుండుకి ఎన్ని మార్కులో నోటిఫికేషన్‌లో నాకైతే కనపడలేదు.

అయితే అందరి ముందూ ఎదురు తిరిగితే పని జరగదు. మా సార్ రిటైర్డ్ హవల్దార్, మంచి మనిషే. ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు అడిగాను: "సార్, కొన్నాళ్లు రౌండ్ల మధ్యలో నీళ్లిచ్చి చూద్దామా? టైమింగ్ పడిపోతే మానేద్దాం." కాసేపు గొణిగి, "సరే, డ్రమ్ము నింపే పని నీదే" అన్నారు. టైమింగ్ పడిపోలేదు. గుండు మాత్రం అలాగే ఉంది, గోడకుర్చీ కూడా.

ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూలో "నీకు నచ్చని రూల్ ఏది? ఏం చేశావ్?" అన్న ప్రశ్న వస్తే ఇదే చెప్పాను. "మీ సార్ ఒప్పుకోకపోతే?" అని వెంటనే ఇంకోటి. "బాటిల్ తెచ్చుకుని తాగి, గోడకుర్చీ వేసేవాణ్ణి సార్" అన్నాను. ఇంటర్వ్యూ చేసే ఆఫీసర్ నవ్వలేదు, కోప్పడలేదు. గుంటూరు మిర్చి యార్డు గురించి అడగడం మొదలుపెట్టారు. అది కూడా చదువుకుని వెళ్లండి.